జనరల్ మెకార్థర్: ఇచ్చిన హక్కులు, ఆపిన హక్కులు

రెండవ ప్రపంచ యుద్ధం నాటి సేనాధిపతులలో డగ్లస్ మెకార్థర్ పేరు వినని వారు మన తరంలో అరుదు. నల్ల కళ్ళద్దాలు, మొక్కజొన్న బెండుతో చేసిన పొగగొట్టం, జలతారు కుట్టిన టోపీ పత్రికలలో చూసిన వారికి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. ఆయన యుద్ధాల గురించి చాలామంది వ్రాశారు. మన సంచికలో చెప్పదలచుకున్నది మరొక కథ. 1945 ఆగస్టు నుండి 1951 ఏప్రిల్ వరకు, ఓడిపోయిన జపాను దేశాన్ని ఆక్రమణ సేనల అధిపతిగా ఆయన పాలించిన కథ.

పరాయి సైన్యం ఒక దేశాన్ని పట్టుకొని కూర్చున్నప్పుడు శాంతిభద్రతలు కాపాడడం దాని బాధ్యత. అయితే ఓడిన వారు కూడా మనుషులే, వారికీ హక్కులుంటాయి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచవలసిన పని మెకార్థర్‌కు పడింది. తక్కెడ ఎప్పుడు సరిగా నిలిచింది, ఎప్పుడు ఒక వైపు మొగ్గింది అన్నది ఉద్యోగులుగా, పింఛనుదారులుగా మనం తెలుసుకోదగిన విషయం. ఈ కథలో ప్రభుత్వోద్యోగుల సమ్మె ఉంది, జీతాల సిఫార్సు సంస్థ ఉంది, ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయిన పింఛనూ ఉంది.

తండ్రి అనుభవం

మెకార్థర్ 1880 జనవరి 26న అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణంలో, సైనిక నివాసంలోనే పుట్టారు. తండ్రి ఆర్థర్ మెకార్థర్ అమెరికా అంతర్యుద్ధంలో పేరు పొందిన వీరుడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం తరువాత ఫిలిప్పీన్స్ దీవులు అమెరికా చేతికి వచ్చాయి. స్వాతంత్ర్యం కోరిన అక్కడి ప్రజలు ఆయుధాలు పట్టారు. ఆ దీవులకు 1900 మే నుండి 1901 జూలై వరకు ఆర్థర్ మెకార్థర్ సైనిక గవర్నరుగా ఉన్నారు. తిరుగుబాటు అణగాలంటే కఠిన సైనిక శాసనం తప్పదని ఆయన నమ్మకం. పౌర పాలన ఏర్పాటు చేయమని అధ్యక్షుడు మెకిన్లీ పంపిన న్యాయమూర్తి విలియం టాఫ్ట్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. ఇద్దరికీ పొసగలేదు. చివరకు 1901 జూలై 4న టాఫ్ట్ పౌర గవర్నరు అయ్యారు, సైనిక గవర్నరు స్వదేశానికి తిరిగి వెళ్ళారు. పౌర ప్రభుత్వం మాటే చెల్లాలన్న పాఠం మెకార్థర్ ఇంట్లో అప్పుడే ఒకసారి జరిగింది.

కుమారుడు డగ్లస్ 1903లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుండి ప్రథముడిగా ఉత్తీర్ణుడై, తొలి ఉద్యోగం ఫిలిప్పీన్స్‌లోనే చేశారు. 1905-06లో తండ్రికి సహాయకుడిగా ఆసియా దేశాలు తిరిగి, మన దేశం మీదుగా ఖైబర్ కనుమ దాకా చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడి, యుద్ధం ముగిశాక జర్మనీలోని రైన్ ప్రాంతంలో ఆక్రమణ సేనతో కొన్ని నెలలు ఉన్నారు.

బోనస్ అడిగిన మాజీ సైనికులు

1930లో ఆయన అమెరికా సైన్యానికి అధిపతి అయ్యారు. 1932లో జరిగిన ఒక సంఘటన మన వంటి వారికి తప్పక గుర్తుండవలసినది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులకు 1924లో ఒక చట్టం బోనస్ మంజూరు చేసింది. కాని ఆ సొమ్ము చేతికి అందేది 1945లో. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చి పనులు పోయాయి. ఆ సొమ్మేదో ఇప్పుడే ఇవ్వండి, మా పిల్లలు పస్తులున్నారు అంటూ సుమారు ఇరవై వేల మంది మాజీ సైనికులు వాషింగ్టన్ చేరుకున్నారు. కొందరు భార్యాబిడ్డలతో వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ప్రతినిధుల సభ వారి కోరికను ఆమోదించింది, సెనేట్ తిరస్కరించింది.

జూలై 28న పోలీసులతో ఘర్షణ జరిగి ఇద్దరు మాజీ సైనికులు తూటాలకు చనిపోయారు. అధ్యక్షుడు హూవర్ సైన్యాన్ని పిలిచారు. సైన్యాధిపతి మెకార్థర్ స్వయంగా వీధిలోకి వచ్చారు. అశ్వికదళం, టాంకులు, బాష్పవాయువు ప్రయోగించారు. నది దాటి శిబిరం మీదికి పోవద్దని అధ్యక్షుడు కబురు పంపినా ఆయన ఆగలేదు. ఆ రాత్రి గుడిసెలు తగలబడ్డాయి. ఇది కమ్యూనిస్టుల తిరుగుబాటు అని మెకార్థర్ మనస్ఫూర్తిగా నమ్మారు. అక్కడున్న వారిలో అత్యధికులు మాత్రం తమకు రావలసిన సొమ్ము అడగడానికి వచ్చిన మామూలు మనుషులు. 1936లో ఆ బోనస్ చెల్లించక తప్పలేదు. ఆకలి కేకను కుట్రగా వినే అలవాటు ఈ మనిషిలో ఉన్నదని ఆ రోజే తేలింది.

టోక్యోలో అడుగు

తరువాత ఫిలిప్పీన్స్‌లో సైనిక సలహాదారు పదవి, 1942లో జపాను సేనల ముందు ఓటమి, ఆస్ట్రేలియాకు తరలిపోవడం, 1944 అక్టోబరులో లేటె దీవిలో తిరిగి అడుగుపెట్టడం అందరికీ తెలిసినవే. 1945 ఆగస్టు 30న ఆయన టోక్యో దగ్గరి అట్సుగి విమానాశ్రయంలో దిగారు. సెప్టెంబరు 2న మిస్సూరి యుద్ధనౌక మీద జపాను లొంగుబాటు పత్రాలపై సంతకాలు జరిగాయి. ఒక బీమా కంపెనీ భవనంలో ఆయన కార్యాలయం పెట్టారు. జపాను చక్రవర్తి, మంత్రివర్గం, ఉద్యోగులు ఎక్కడివారక్కడే ఉన్నారు. ఉత్తర్వు మాత్రం ఆ భవనం నుండి వచ్చేది.

తొలినాళ్ళ ఉత్తర్వులు ఎవరూ ఊహించనివి. ఆక్రమణ సైనికులు అక్కడి కొద్దిపాటి ఆహారం ముట్టరాదన్నారు. కరువు ముంచుకొస్తుంటే అమెరికా నుండి ధాన్యం తెప్పించారు. ఆకలితో ఉన్న దేశంలో శాంతిభద్రతలు నిలవవని ఆయనకు అప్పుడు బాగా తెలుసు.

జపానులో 1925 నాటి శాంతి పరిరక్షణ చట్టం ఒకటి ఉండేది. భావాలను నేరంగా చూసి జైలులో పెట్టడానికి ప్రత్యేక పోలీసు విభాగం ఉండేది. దేశం లొంగిపోయిన తరువాత కూడా ఖైదీలను వదలలేదు. తత్త్వవేత్త మికి కియోషి సెప్టెంబరు 26న జైలులోనే మరణించారు. అక్టోబరు 4న మెకార్థర్ ఉత్తర్వు వెలువడింది. ఆ చట్టం రద్దు, ఆ పోలీసు విభాగం రద్దు, రాజకీయ ఖైదీలందరికీ విడుదల. ఇది అమలు చేయలేమని జపాను మంత్రివర్గం మరునాడే రాజీనామా చేసింది. అక్టోబరు 10న జైలు తలుపులు తెరుచుకున్నాయి. 1928 నుండి నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు తొకుడా క్యూయిచి ఆనాడు బయటికి వచ్చినవారిలో ఒకరు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి.

డిసెంబరులో కార్మిక సంఘాల చట్టం వచ్చింది. ఏడాది తిరిగేసరికి సంఘాల సభ్యత్వం 50 లక్షల దరిదాపులకు చేరింది. 1946 ఏప్రిల్ 10న స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు, 39 మంది స్త్రీలు ఎన్నికయ్యారు. కౌలుదార్లకు భూమి హక్కు ఇచ్చే సంస్కరణ మొదలైంది. దానిలో సలహాదారుగా పనిచేసిన వోల్ఫ్ లాడెజిన్‌స్కీ తరువాతి కాలంలో మన ప్రణాళికా సంఘం తరఫున పశ్చిమ గోదావరి జిల్లా కౌలు పరిస్థితులను కూడా పరిశీలించారు.

రాజ్యాంగం, దానితోపాటు కత్తెర

జపాను ప్రభుత్వం తయారుచేసిన రాజ్యాంగ ముసాయిదాలో పాత వాసన పోలేదని మెకార్థర్ దానిని తోసిపుచ్చారు. 1946 ఫిబ్రవరిలో తన సిబ్బంది చేత సుమారు వారం రోజులలో కొత్త ముసాయిదా వ్రాయించారు. స్త్రీల సమానత్వపు అధికరణాలు వ్రాసిన బియాటె సిరోటాకు అప్పటికి 22 ఏళ్ళు. జపాను చట్టసభ చర్చించి, కొన్ని మార్పులతో ఆమోదించిన ఆ రాజ్యాంగం 1947 మే 3 నుండి అమలులోకి వచ్చింది. చిత్రహింసలు పూర్తిగా నిషిద్ధం. బలవంతపు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. నిర్దోషిగా తేలినవాడు అంతకాలం నిర్బంధంలో ఉన్నందుకు నష్టపరిహారం కోరవచ్చు. సంఘం పెట్టుకొని బేరమాడే హక్కు కార్మికులకు ఉంది. సెన్సారు ఉండరాదు.

అయితే సెన్సారు ఉండరాదన్న ఆ రాజ్యాంగాన్ని వ్రాయించిన కార్యాలయమే సెన్సారు నడిపింది. 1945 సెప్టెంబరులో వచ్చిన పత్రికా నియమావళి ప్రకారం ఆక్రమణ సేనలను విమర్శించరాదు. సైనికుల నేరాలు వ్రాయరాదు. అణుబాంబు బాధితుల గోడు మీద కూడా ఆంక్షలు పెట్టారు. రాజ్యాంగ రచనలో అమెరికా వారి పాత్ర ఉన్నదని వ్రాయరాదు. సెన్సారు ఉన్నదన్న సంగతి కూడా వ్రాయరాదు. సొంత ఉత్తరాలు సైతం విప్పి చదివేవారు. ఈ తనిఖీ శాఖ 1949 దాకా నడిచింది. నేరం చేసిన ఆక్రమణ సైనికుడిని విచారించే అధికారం జపాను కోర్టులకు లేదు. ఒకినావా దీవి ప్రజలకైతే ఆ కొత్త రాజ్యాంగమే వర్తించలేదు. 1972లో జపానుకు తిరిగి ఇచ్చేవరకు అది అమెరికా పాలనలోనే ఉంది.

న్యాయస్థానాల తీరు

ఫిలిప్పీన్స్‌లో జపాను సేనాపతిగా పనిచేసిన యమషిటాపై విచారణ 1945 అక్టోబరు చివర మొదలై డిసెంబరు 7న ముగిసింది. ఆయన సైనికులు మనీలాలో చేసిన ఘోరాలు నిజం. కాని ఆయనే ఆజ్ఞాపించారా, ఆయనకు తెలుసా అన్నది స్పష్టంగా తేలకుండానే ఉరిశిక్ష పడింది. అమెరికా సుప్రీంకోర్టులో జోక్యం అనవసరమని ఆరుగురు న్యాయమూర్తులు అంటే, ఇది న్యాయ విచారణ కాదని ఇద్దరు గట్టిగా విభేదించారు. మెకార్థర్ శిక్షను ఖాయం చేశారు. 1946 ఫిబ్రవరి 23న ఉరి అమలైంది.

టోక్యోలో జరిగిన పెద్ద విచారణకు నియమావళి మెకార్థర్ పేరనే వెలువడింది. పదకొండు మంది న్యాయమూర్తులలో మన దేశం నుండి రాధాబినోద్ పాల్ ఉన్నారు. గెలిచినవారు తరువాత చేసిన చట్టంతో ఓడినవారిని శిక్షించడం తగదని, నిందితులందరినీ విడుదల చేయాలని ఆయన వేరుగా తీర్పు వ్రాశారు. జపాను సైన్యం చేసిన అకృత్యాలను ఆయన కాదనలేదన్నది మరువరాదు. ఆ తీర్పు జపానులో పుస్తక రూపంలో వచ్చింది ఆక్రమణ ముగిసిన 1952లోనే. ఆ ఆక్రమణ సేనలో 1946-47లో మన సైనిక దళం కూడా ఉంది. దాని నాయకుడు తరువాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య.

పింఛను ఆగిన రోజు

జపానులో సైనిక వ్యవస్థను వేళ్ళతో పెకలించాలన్నది ఆక్రమణ లక్ష్యం. దానిలో భాగంగా 1945 నవంబరులో వెలువడిన ఆదేశం ప్రకారం, 1946 ఫిబ్రవరి 1 నుండి మాజీ సైనికుల పింఛన్లు, యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాల పింఛన్లు నిలిచిపోయాయి. తీవ్రంగా అంగవైకల్యం పొందినవారికి మాత్రం కొద్దిపాటి సొమ్ము మిగిలింది. సైనికుడికి ప్రత్యేక గౌరవం ఉండరాదన్నది ఉద్దేశం. దెబ్బ తగిలింది మాత్రం యుద్ధం మొదలుపెట్టిన నాయకులకు కాదు, బిడ్డల తల్లులైన వితంతువులకు, కొడుకులను పోగొట్టుకున్న ముసలివారికి. తెల్ల దుస్తులు వేసుకున్న వికలాంగ సైనికులు రైల్వేస్టేషన్ల దగ్గర చేయి చాచడం ఆనాటి జపానులో నిత్యం కనబడిన దృశ్యం.

పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు నకారా కేసులో తేల్చింది. ఆనాటి జపాను వితంతువుకు అటువంటి తలుపు తట్టే వీలు లేదు. ఆక్రమణ 1952 ఏప్రిల్ 28న ముగిసింది. రెండు రోజులకే, ఏప్రిల్ 30న, యుద్ధ బాధితుల కుటుంబాల సహాయ చట్టం వచ్చింది. 1953లో సైనిక పింఛన్లు తిరిగి మొదలయ్యాయి. స్వతంత్రమైన ప్రభుత్వం మొట్టమొదట చేసిన పనులలో ఇది ఒకటి కావడం ఆ గాయం ఎంత లోతైనదో చెబుతుంది.

సమ్మెకు అడ్డుకట్ట

ధరలు నెలనెలా పెరుగుతూ జీతాలు వెనకబడుతుంటే రైల్వే, తంతితపాలా, ఉపాధ్యాయ, ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగులంతా కలిసి 1947 ఫిబ్రవరి 1న సార్వత్రిక సమ్మె ప్రకటించారు. ఇరవై లక్షలకు పైగా ప్రభుత్వోద్యోగులు సిద్ధమయ్యారు. రైళ్ళు ఆగితే బియ్యం, బొగ్గు ఆగుతాయి, చలికాలంలో జనం చస్తారు అన్నది మెకార్థర్ వాదన. ఈ వాదనలో బలం లేకపోలేదు. జనవరి 31న ఆయన సమ్మెను నిషేధించారు. రైల్వే కార్మిక నాయకుడు ఈ యషిరో ఆ రాత్రి రేడియోలో కన్నీళ్ళు పెట్టుకుంటూ సమ్మె విరమణ ప్రకటించారు. అయితే అంతటితో వదలకుండా, ఎన్నికలు జరిపించండని మెకార్థర్ ప్రధానికి వ్రాశారు. ఏప్రిల్ ఎన్నికలలో సోషలిస్టులు ముందుకు వచ్చి, వారి నాయకుడు కతయామా ప్రధాని అయ్యారు. ఒక తలుపు మూసినప్పుడు మరొకటి తెరిచి ఉంచడం అంటే ఇదే.

1948లో ఆ తెరిచిన తలుపూ సన్నబడింది. జూలై 22న ఆయన ప్రధానికి వ్రాసిన లేఖతో ప్రభుత్వోద్యోగుల సమ్మె హక్కు, సమష్టి బేరసారాల హక్కు పోయాయి. ఒక నిర్దిష్ట ప్రమాదాన్ని ఆపిన ఉత్తర్వు కాదిది, ఎప్పటికీ వర్తించే నిషేధం. ఆయన దగ్గర కార్మిక విభాగం చూసే జేమ్స్ కిల్లెన్ దీనిని వ్యతిరేకించి రాజీనామా చేసి వెళ్ళిపోయారు. సమ్మె హక్కుకు బదులుగా, ప్రైవేటు జీతాలతో పోల్చి ప్రభుత్వోద్యోగుల జీతాలు సిఫార్సు చేసే స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేశారు. మన పే కమిషన్లు ఏళ్ళ తరబడి ఆగి వస్తే, అది ఏటా సిఫార్సు చేస్తుంది. నేటికీ అక్కడి ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదు. మన సుప్రీంకోర్టు కూడా 2003లో ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదన్న సంగతి పాఠకులకు తెలిసినదే.

1950 జూన్‌లో కొరియా యుద్ధానికి కొద్ది వారాల ముందు కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘం సభ్యులను ప్రజా జీవితం నుండి బహిష్కరిస్తూ మెకార్థర్ ఆదేశించారు. ఆ జాబితాలో తొకుడా క్యూయిచి ఉన్నారు. జైలు తలుపు తెరిచిన చేతితోనే బహిష్కరణ పత్రంపై సంతకం పడింది. ఈ మధ్యలో ఆయన ఎన్నికలలో గెలిచి చట్టసభకు వెళ్ళినవారు. రహస్యంగా చైనా చేరుకొని 1953లో పెకింగ్‌లో మరణించారు. ఆ తరువాతి నెలలలో పదివేల మందికి పైగా ఉద్యోగులు, కార్మికులు కమ్యూనిస్టులన్న అనుమానంతో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. విచారణ లేదు, సంజాయిషీ లేదు, అప్పీలు లేదు. ఛార్జిమెమో, విచారణాధికారి, అప్పీలు అన్న మెట్లు ఎందుకున్నాయో సర్వీసులో చేసినవారికి వేరే చెప్పనక్కర లేదు.

చివరి పాఠం

కొరియా యుద్ధాన్ని చైనా మీదికి విస్తరించాలని మెకార్థర్ పట్టుపట్టారు. అధ్యక్షుడు ట్రూమన్ విధానాన్ని బహిరంగంగా విమర్శించారు. 1951 ఏప్రిల్ 11న ట్రూమన్ ఆయనను పదవుల నుండి తొలగించారు. జపాను ప్రజలు నిర్ఘాంతపోయారు. తమ చక్రవర్తి కంటే పైవాడనుకున్న మనిషిని, వేల మైళ్ళ దూరంలో ఉన్న ఒక పౌరుడు ఒక్క కాగితంతో దింపేశాడు. సైనికులు మంత్రివర్గాలను కూల్చిన రోజులు చూసిన ఆ దేశానికి, సైన్యం మీద పౌర ప్రభుత్వానిదే పైచేయి అన్న పాఠాన్ని మెకార్థర్ తన ఉత్తర్వులన్నిటి కంటే తన తొలగింపుతోనే బాగా బోధించారు. ఏభై ఏళ్ళ క్రితం తండ్రికి టాఫ్ట్‌తో ఎదురైనదే కుమారుడికీ ఎదురైంది. ఏప్రిల్ 16న ఆయన వెళుతుంటే దారి పొడవునా జనం నిలబడి వీడ్కోలు పలికారు. 1964 ఏప్రిల్ 5న, 84వ ఏట, వాషింగ్టన్‌లోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆయనను దేవుడిని చేసినవారున్నారు, నియంత అన్నవారున్నారు. రెండూ సగం నిజాలే. భద్రత పేర ఆయన తీసుకున్న చర్యలలో కొన్ని అవసరమైనవే. రైళ్ళు ఆగితే జనం పస్తులుంటారన్న భయం బూటకం కాదు. చిక్కెక్కడంటే, ఏది అవసరమో, ఏది అతిభయమో తేల్చవలసినవాడు ఆయన ఒక్కడే. బోనస్ అడిగినవారు తిరుగుబాటుదారులు కాదని ఆయనకు చెప్పగలవారు వాషింగ్టన్‌లో ఉన్నారు. టోక్యోలో ఆయనను అడిగే కోర్టు లేదు, వ్రాసే పత్రిక లేదు.

అందుకే ఆయన నోటిమాటగా ఇచ్చినవాటిని ఆయనే వెనక్కు తీసుకోగలిగారు. రాజ్యాంగంలో వ్రాయించి, కోర్టుకు అప్పగించినవి మాత్రం ఆయన వెళ్ళాక కూడా నిలిచాయి. 1947 మే 3న అమలులోకి వచ్చిన ఆ రాజ్యాంగానికి నేటి వరకు ఒక్క సవరణ కూడా జరగలేదు. పాలకుడి మంచితనం మీద ఆధారపడిన హక్కు ఆ పాలకుడి భయంతోపాటే పోతుంది. ప్రశ్నించడానికి ఒక చోటున్న హక్కే మిగులుతుంది. మన సంఘం ప్రతి జి.ఓ.ను చదివి, ప్రతి తీర్పును దాచి, ప్రతి మహజరునూ ఓపికగా వ్రాస్తున్నది ఇందుకే.